నాలుగు వందల గళ్ల ఊరు: భూవినియోగంపై ఒక తరగతి ప్రాజెక్టు డైరీ

పథకం, సామగ్రి

నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు భూవినియోగాన్ని, పట్టణ విస్తరణను చేతులతో చేయించి నేర్పాలన్నది ఈ ప్రాజెక్టు ఉద్దేశం. ఈ పాఠానికి వేసే బొమ్మల్లో సాధారణంగా ఎడమవైపు పచ్చని పొలం, కుడివైపు పొగ కక్కే నగరం ఉంటాయి. ఆ బొమ్మ చూసిన పిల్లలు పొలాలు మంచివనీ నగరాలు చెడ్డవనీ రాసి మార్కులు తెచ్చుకుంటారు గానీ, తాము కూర్చున్న బడి కూడా ఒకప్పుడు ఎవరిదో పొలమో, బీడో, తోపో అయి ఉంటుందన్న ఊహ వారికి రాదు. నేను చెప్పదలచుకున్నది వేరు. ఇల్లు కావలసిన కుటుంబం, అప్పు తీర్చుకోవలసిన రైతు, రద్దీ తగ్గించవలసిన ఇంజినీరు ఎవరికి వారు సబబైన నిర్ణయాలే తీసుకుంటూ ఉండగా, అవన్నీ కలిసి ఎవరూ కోరుకోని ఆకారంలో ఊరు పరచుకుంటుంది. అదే జనాభా, అన్నే ఇళ్లు వేరే ఆకారంలోనూ ఇమడగలవు. ఈ రెండు మాటలను ఉపన్యాసంగా కాక, పిల్లలు తమ వేళ్లతో పేర్చి, లెక్కపెట్టి తెలుసుకోవాలి.

అందుకోసం ఒక పెద్ద అట్ట మీద తెల్ల డ్రాయింగు షీట్లు అతికించి, అడ్డంగా 20, నిలువుగా 20 చొప్పున 400 గళ్లు గీశాము. ఒక్కో గడి ఒక హెక్టారు, అంటే 100 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పు ఉన్న నేల. మొత్తం పటం 4 చదరపు కిలోమీటర్లు. ఆరంభంలో ఊరికి 24 గళ్లు, నదికి 20, చెరువుకు 16, అడవికి 80, పశువులు మేసే బీడుకు 20, పొలాలకు 240 కేటాయించి రంగు కాగితాలు పరిచాము. ఆట సాగుతుండగా వాటిని మార్చవలసి ఉంటుంది కనుక జిగురు వాడలేదు; గుండుసూదులతోనే గుచ్చాము. ఇళ్లకు చిన్న అట్టముక్కలు మడిచి పెట్టుకున్నాము. ఒక్కో అట్ట ఇల్లు పది కుటుంబాలకు గుర్తు.

మొదటి వారం: అంచనాలు, అసలు లెక్క

పటం మీదికి వెళ్లే ముందు పిల్లల మనసుల్లో ఏముందో తెలుసుకోవాలనిపించింది. ప్రతి ఒక్కరికీ వంద గళ్ల కాగితం ఇచ్చి, ప్రపంచంలో మనిషి నివసించగల నేల మొత్తం ఇదే అనుకుంటే అందులో పట్టణాలు, ఊళ్లు, రోడ్లు ఎన్ని గళ్లు ఆక్రమిస్తాయో రంగు వేయమన్నాను. చాలామంది సగం కాగితాన్ని బూడిదరంగుతో నింపారు. అసలు లెక్క చెప్పినప్పుడు ఎవరూ నమ్మలేదు. మంచు కప్పిన నేలను, ఎడారుల వంటి బంజరు నేలను తీసివేయగా మిగిలిన దానిలో దాదాపు సగం సాగుకు, పశుపోషణకు పోతుంది. మూడో వంతుకు పైగా అడవి ఉంటుంది. కట్టడాలన్నీ కలిపినా వందలో ఒక్క గడి దగ్గరే ఆగుతాయి.

వెంటనే వెనుక బెంచీ నుంచి రావలసిన ప్రశ్నే వచ్చింది: "ఒక్క గడే అయితే ఇంత పాఠం ఎందుకు టీచర్?"

ఈ ప్రశ్నను దాటవేసే ఉపాధ్యాయుడు ఆ తర్వాత ఎన్ని ప్రయోగాలు చేయించినా ఫలితం ఉండదని నా అభిప్రాయం. సమాధానం ఆ ఒక్క గడి ఎక్కడ ఉందన్న దానిలో ఉంది. మనుషులు మొదట స్థిరపడింది నీరు అందే చోట, నేల సారవంతంగా ఉన్న చోట, రాకపోకలకు వీలైన చోట. అందుచేత ఊరు అంచు జరిగినప్పుడల్లా అది తరచుగా మంచి పొలం మీదికే జరుగుతుంది. రెండు మూడు సెంటీమీటర్ల మందం మట్టి తయారు కావడానికి వెయ్యేళ్ల వరకు పట్టవచ్చునని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ చెబుతోంది. పునాది తవ్వడానికి ఆ మట్టిని ఎత్తిపోయడం ఒక పూట పని. పైగా 1950లో ప్రపంచ జనాభాలో పట్టణవాసులు 30 శాతం. 2018 నాటికి వారు 55 శాతమయ్యారు. 2050కి 68 శాతం అవుతారని ఐక్యరాజ్యసమితి అదే ఏడాది అంచనా వేసింది. ఆ గడి పక్కకు జరగడం ఇప్పట్లో ఆగదు కనుక, ఎటు జరగాలో ఆలోచించక తప్పదు. స్కేలుతో రెండు సెంటీమీటర్లు కొలిచి, వేలి గోరుతో ఆ మందం చూపించమన్నప్పుడు తరగతి కాసేపు స్కేళ్ల మీదే వంగి ఉండిపోయింది.

రెండో వారం: ఊరు పెరిగే ఆట

ఆట నియమాలు తక్కువే. ప్రతి విడతలో 12 అట్ట ఇళ్లు కొత్తగా వస్తాయి. పది విడతలు పూర్తయ్యేసరికి 120 అవుతాయి. ఒక గడిలో ఒక్క అట్ట ఇల్లే పెట్టాలి, అంటే హెక్టారుకు పది కుటుంబాలు. ప్రతి ఇంటికీ ఏదో ఒక పక్క రోడ్డు గడి తగలాలి. ఊరి నడుమ స్థలం ధర ఐదు పూసలు, ఊరి అంచున రెండు, దూరంగా పొలాల మధ్య ఒకటి. కుటుంబం చేతిలో ఉండేది రెండు పూసలు. తరగతిని కుటుంబాలు, రైతులు, దుకాణదారులు, రోడ్ల ఇంజినీర్లు, నీటి సరఫరా అధికారులు, భూముల వ్యాపారులుగా విడదీశాను. రైతుకు అమ్మనని చెప్పే హక్కు ఉంది. ఎక్కడ కట్టాలో చెప్పే పంచాయతీగానీ పురపాలక సంఘంగానీ ఈ మొదటి ఆటలో లేదు, కావాలనే పెట్టలేదు.

మొదటి రెండు విడతలు శాంతంగా నడిచాయి. మూడో విడతలో ఒక కుటుంబం, ఒక్క పూసకే దొరుకుతుందని, ఊరికి ఏడు గళ్ల దూరంలో పొలాల నడుమ స్థలం కొన్నది. ఆ ఒక్క ఇంటి కోసం ఇంజినీర్లు ఏడు గళ్ల పొడవునా నల్లకాగితం పరవవలసి వచ్చింది. రోడ్డు పడిందో లేదో, దాని రెండు పక్కలా ఉన్న స్థలాలను భూముల వ్యాపారులు ముందే కొని పెట్టుకున్నారు. తరువాతి విడతలో దుకాణాలు కూడా ఆ రోడ్డు వెంబడే వెలిశాయి. రోడ్డు వెంట తోరణంలా ఊరు సాగిపోవడం కొత్త విషయమేమీ కాదు; దీన్ని అదుపు చేయడానికే బ్రిటన్ 1935లో ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. ఆ సంగతి ఆట ముగిశాకనే పిల్లలకు చెప్పాను, ముందే చెబితే జాగ్రత్త పడిపోతారని.

అందరికంటే ఎక్కువ నేర్పినది ఒక రైతు గడి. ఆ పాత్రలో ఉన్న అమ్మాయి చివరిదాకా అమ్మకూడదని పట్టు పట్టింది. ఆరో విడత నాటికి ఆమె గడికి మూడు పక్కలా ఇళ్లు వచ్చాయి. నాలుగో పక్కన రోడ్డు వేయడానికి ఇంజినీర్లు, నది నుంచి ఆమె పొలానికి వచ్చే నీలం దారాన్ని, అంటే కాలువను, కత్తిరించి పక్కకు పెట్టారు. పొలం ఆమెదే, కానీ నీళ్లు రావు. నీటి సరఫరా అధికారిని అడిగితే, కొత్త ఇళ్లకు గొట్టాలు వేయడానికే తన దగ్గర దారం సరిపోవడం లేదన్నాడు. పక్క పొలాలవాళ్లు అమ్మి వెళ్లిపోయారు కనుక కాలువ బాగు చేయించుకోవడానికి ఆమెతో కలిసి వచ్చేవాళ్లూ లేరు. ఏడో విడతలో ఆమె గడి మీది ఆకుపచ్చ కాగితం తనే తీసి వ్యాపారి చేతిలో పెట్టింది. "నన్ను ఎవరూ అమ్మమని బలవంతపెట్టలేదు, కానీ అమ్మక తప్పలేదు" అని ఆమె తన నోటు పుస్తకంలో రాసుకున్నది. పట్టణం అంచున సాగు ఎలా ఆగిపోతుందో వివరించడానికి ఇంతకంటే మంచి వాక్యం నా దగ్గర లేదు.

పది విడతలూ పూర్తయ్యాక గళ్లు లెక్కపెట్టించాను. ఇళ్లకు 120 గళ్లు పోయాయి. వాటికి తోడు రోడ్లు, దుకాణాలు, వాహనాలు నిలిపే స్థలాలు. పొలాల 240 గళ్లలో సగం కూడా మిగలలేదు. మిగిలినవీ ఒకచోట లేవు. ఇక్కడ రెండు, అక్కడ మూడుగా ఇళ్ల మధ్య చిక్కుకుపోయాయి. అడవి విషయంలో పిల్లలు వాదించుకున్నారు. పోయిన గళ్లు కొద్దివే అని ఒక జట్టు అన్నది. అడవిని రోడ్డు రెండు ముక్కలుగా కోసింది కదా, అందులోని జంతువు అటునుంచి ఇటు ఎలా వస్తుందని మరో జట్టు అడిగింది. లెక్కలో కనబడని నష్టాన్ని వాళ్లంతట వాళ్లే పట్టుకున్నారు కనుక నేను కలగజేసుకోలేదు.

వాన ట్రేలు

మూడు ప్లాస్టిక్ ట్రేలను ఒకే వాలుతో నిలబెట్టాము. మొదటిదానిలో గడ్డితో సహా తవ్వి తెచ్చిన మట్టి పెళ్లలు, రెండోదానిలో ఉత్త మట్టి, మూడోదానిలో మట్టి మీద సందులు పెద్దగా లేకుండా పరిచిన పలకలు. మూత నిండా చిల్లులు పొడిచిన సీసాతో ఒక్కోదాని మీద ఒక లీటరు నీళ్లు చల్లి, కింది చివర కారిన నీటిని కొలపాత్రలో పట్టారు. గడ్డి ట్రే నుంచి నీళ్లు ఆలస్యంగా, బొట్లు బొట్లుగా, కొద్దిగానే వచ్చాయి. పలకల ట్రే నుంచి చల్లుతూ ఉండగానే ధారగా వచ్చేశాయి. ఉత్త మట్టి ట్రే నుంచి వచ్చిన నీరు బురదగా ఉండి, పాత్ర అడుగున మట్టి పేరుకున్నది. ఇళ్ల కోసం నేల చదును చేసి నెలల తరబడి వదిలేసిన స్థలం పరిస్థితి అదేనని చెప్పవలసిన అవసరం కూడా రాలేదు.

తర్వాత లెక్క. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. మన పటంలో ఒక గడి 10,000 చదరపు మీటర్లు. 20 మిల్లీమీటర్ల వాన కురిస్తే ఒక్క గడి మీద పడేది రెండు లక్షల లీటర్లు. చెట్టూ గడ్డీ ఉన్న సహజమైన నేల మీద పడిన వానలో పదో వంతు మాత్రమే పైనుంచి పారిపోతుందనీ, ముప్పావు వంతుకు మించి కప్పేసిన నేల మీద అది 55 శాతానికి చేరుతుందనీ అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్క. ఆ ప్రకారం ఒక్క గడి నుంచి పారే నీరు 20 వేల లీటర్ల నుంచి లక్షా పది వేల లీటర్లకు పెరుగుతుంది. పిల్లలు దాన్ని తమ ఊరిలో కప్పేసిన గళ్లన్నిటికీ గుణించి, ఆ నీరంతా ఎటు పోతుందో బాణం గుర్తులు గీశారు. బాణాలన్నీ పాత ఊరి పల్లపు వీధి వైపే తిరిగాయి. అక్కడ ఇల్లున్న పిల్లవాడు, ఆటలో తాను కొత్తగా ఏదీ కట్టలేదు కదా అని గట్టిగానే అభ్యంతరం చెప్పాడు.

ఆకాశం నుంచి చూసిన ఊళ్లు

ల్యాండ్‌శాట్ అనే పేరుతో భూమిని చిత్రాలు తీసే అమెరికా ఉపగ్రహాల పరంపర 1972లో మొదలైంది. వాటిలో ఐదోది 1984 నుంచి 2013 దాకా పనిచేసింది. ఈ చిత్రాలను 2008 నుంచి ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. ఒకే నగరాన్ని వేరువేరు దశాబ్దాలలో తీసిన చిత్రాలు అచ్చు వేయించి, వాటి మీద ట్రేసింగు కాగితం పరిచి, కట్టడాలున్న మేర అంచు గీయించడం ఈ వారం పని. చిత్రంలోని ఒక్కో చుక్క నేల మీద 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు అని చెప్పగానే, మన ఒక్క గడిలో అలాంటివి పది, పదకొండు పడతాయని లెక్క కట్టారు.

అమెరికాలోని లాస్ వేగస్ నగరం చిత్రాలు ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. ఆ నగరం ఉన్న క్లార్క్ కౌంటీ (మన జిల్లా వంటిది) జనాభా 1970లో 2.73 లక్షలు, 2020లో 22.65 లక్షలు, చిత్రాల్లో మార్పు ఎవరికైనా కనబడుతుంది. కానీ అక్కడ నగరం పరచుకున్నది పొలాల మీద కాదు, ఎడారి మీద. విస్తరణ అంటే పొలం పోవడమేనని అప్పటికే స్థిరపడిపోయిన పిల్లలకు ఇది కొంత ఇబ్బంది పెట్టింది. పొలం పోకపోతే ఇక నష్టమేమిటని వెతుకుతూ వాళ్లు నీటి దగ్గరికి వచ్చారు: అంత దూరం గొట్టాలు వేయాలి, అంత దూరం బస్సులు తిప్పాలి, మంచినీరు ఇచ్చే మీడ్ జలాశయం అంచు మాత్రం కొత్త చిత్రాల్లో లోపలికి జరిగి ఉంది. జలాశయం తగ్గడానికి ఈ ఒక్క నగరమే కారణం కాదని, ఏళ్ల తరబడి కరవులు, అనేక రాష్ట్రాల వాడకం కూడా ఉన్నాయని ఇక్కడ స్పష్టంగా చెప్పవలసి వచ్చింది. చిత్రం చూసి కారణం ఊహించడం పిల్లలకే కాదు, పెద్దలకూ అలవాటే.

గచ్చు మీద రెండు చతురస్రాలు

మొత్తం ప్రాజెక్టులో ఖర్చు లేనిదీ, నా మట్టుకు అన్నిటికంటే పదునైనదీ ఈ పని. నగర ప్రణాళికా నిపుణుడు అలేన్ బెర్టో చేసిన పోలిక ప్రకారం 1990లో అమెరికాలోని అట్లాంటాలో 25 లక్షల మంది 4,280 చదరపు కిలోమీటర్ల కట్టిన నేల మీద ఉండగా, స్పెయిన్ దేశపు బార్సిలోనాలో 28 లక్షల మంది 162 చదరపు కిలోమీటర్లలో ఉన్నారు. కిలోమీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున గచ్చు మీద సుద్దతో రెండు చతురస్రాలు గీశాము: ఒకదాని భుజం 65 సెంటీమీటర్లకు కొంచెం పైన, రెండోదాని భుజం 13 సెంటీమీటర్లకు కొంచెం లోపు. లక్ష మందికి ఒక పూస. పెద్ద చతురస్రంలో 25 పూసలు, చిన్నదానిలో 28.

పెద్ద చతురస్రంలో పూసల మధ్య జానెడేసి దూరం వచ్చింది. చిన్నదానిలో వేలు పెట్టడానికి మాత్రం సందు ఉంది. బడికి నడిచి వెళ్లగల దూరం ఎంతో చూపించమంటే ఒక సెంటీమీటరు చూపించారు. ఆ సెంటీమీటరును వేలితో కొలుస్తూ ఒక పూస నుంచి ఇంకో పూసకు వెళ్లడానికి ప్రయత్నించిన పిల్లవాడు, పెద్ద చతురస్రంలో సగం దారిలోనే మానేసి "ఇక్కడ కారు లేకపోతే కుదరదు" అని తేల్చాడు. నిజమైన జనం ఇలా సమానంగా పరచుకుని ఉండరని, ఇది సగటు మాత్రమేనని చెప్పి, పూసలను అక్కడక్కడ గుంపులుగా జరిపి చూపించాను. కానీ హెక్టారుకు సుమారు ఆరుగురు, సుమారు 173 మంది అన్న రెండు సంఖ్యల మధ్య తేడా అప్పటికే వాళ్లకు మోకాళ్ల మీద తిరిగి తెలిసింది.

రెండో ఆట: గీత గీసిన ఊరు

పటాన్ని మళ్లీ ఆరంభ స్థితికి తెచ్చి, అవే 120 ఇళ్లతో రెండో ఆట ఆడించాము. ఈసారి ఒక గడిలో నాలుగు ఇళ్లదాకా పేర్చవచ్చు. పిల్లలే ఒక సంఘాన్ని ఎన్నుకుని, ఊరి చుట్టూ ఎర్ర దారంతో గీత పెట్టాలి. గీత బయట కొత్త ఇల్లు కట్టకూడదు. సంఘంలో సగం కంటే ఎక్కువమంది ఒప్పుకుంటే గీతను జరపవచ్చు. ఇలాంటి గీతలు నిజంగా ఉన్నాయని చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రం 1973లో చేసిన చట్టం ప్రకారం అక్కడి పట్టణాలన్నీ పెరుగుదల సరిహద్దు గీసుకోవాలి. ఆ రాష్ట్రంలోని పోర్ట్‌ల్యాండ్ మహానగర సరిహద్దు 1979లో ఆమోదం పొందింది, లోపల ఇరవై ఏళ్లకు సరిపడే స్థలం ఉండేలా చూడాలన్నది నియమం. లండన్ చుట్టూ ఉన్న హరిత వలయానికి, అంటే కొత్త కట్టడాలను అదుపు చేసే పచ్చని పట్టీకి, 1938 నాటి చట్టం తొలి మెట్టు. ఇప్పుడది సుమారు 5 వేల చదరపు కిలోమీటర్లు.

సంఘం మొదటి సమావేశమే గొడవగా ముగిసింది. గీతను ఊరికి ఎంత దగ్గరగా పెట్టాలన్న దానిపై రైతులు, వ్యాపారులు ఒప్పుకోలేదు. చివరికి నదికి ఇవతలి గట్టును ఒక వైపు హద్దుగా తీసుకుని, మిగతా మూడు వైపులా మూడు గళ్ల దూరంలో దారం పరిచారు. అన్ని గళ్లలోనూ నాలుగేసి ఇళ్లు పేర్చి ఉంటే 30 గళ్లతో సరిపోయేది. అంత ఇరుకు వద్దని కొన్నిచోట్ల రెండేసి, మూడేసి పెట్టి, ఆటస్థలాలకు, చెట్లకు గళ్లు వదిలారు. అలా చేసినా ఇళ్లకు 50 గళ్ల లోపే పట్టాయి. కొత్త రోడ్లు చాలా తక్కువ. కాలువ దారం ఎవరూ కత్తిరించలేదు.

ఇక్కడితో ఆపితే పాఠం చక్కగా ఉండేది, కానీ సగమే అయ్యేది. ఐదో విడతకే గీత లోపల స్థలాలు తగ్గి, వ్యాపారులు ధరను ఐదు పూసల నుంచి ఎనిమిదికి పెంచారు. రెండు పూసలున్న కుటుంబాలకు సంఘం దగ్గర సమాధానం లేదు. కొందరు పటం చివరి వరుసకు వెళ్లి, అక్కడ వేరే ఊరు మొదలుపెడతామని, రోజూ ఇక్కడికే పనికి వస్తామని అన్నారు. హరిత వలయం దాటి అవతలి పట్టణాల్లో ఉంటూ లండన్‌కు రాకపోకలు సాగించేవారు చేస్తున్నది సరిగ్గా ఇదే. గీత మంచిదా కాదా అని నన్ను అడిగారు. గీత పొలాన్ని కాపాడిందని, ఇల్లు లేనివాళ్లకు ఇల్లు మాత్రం ఇవ్వలేదని, ఆ రెండో పని కోసం వేరే నియమాలు కావాలని చెప్పాను.

వచ్చే విడతకు

పిల్లల నుంచి మూడు ప్రతిపాదనలు వచ్చాయి. గీత లోపల ప్రతి నాలుగో గడిని సంఘమే ముందుగా కొని, రెండు పూసలకే ఇవ్వాలన్నది మొదటిది. కొని ఖాళీగా అట్టిపెట్టుకున్న స్థలానికి విడతకు ఒక పూస పన్ను వేయాలన్నది రెండోది. దీన్ని ప్రతిపాదించింది మొదటి ఆటలో వ్యాపారిగా బాగా సంపాదించిన పిల్లవాడే. నాలుగు ఇళ్ల పరిమితిని ఆరు చేయాలన్నది మూడోది. మూడింటినీ ఒకేసారి కలిపితే దేని ఫలితం ఏమిటో తెలియదు కనుక, తరగతిని మూడు జట్లు చేసి ఒక్కో జట్టుకు ఒక్కో నియమంతో, అవే 120 ఇళ్లతో ఆడిస్తాము. ప్రతి జట్టు చివర్లో నాలుగు సంఖ్యలు రాయాలి: మిగిలిన పొలం గళ్లు, వేసిన రోడ్డు గళ్లు, ఇల్లు దొరకని కుటుంబాలు, బడికి పది గళ్ల కంటే దూరంలో ఉన్న ఇళ్లు. పూసలు సరిపోవు కనుక ఇంకో పెట్టె తెప్పించాలి. పోయిన ఆటలో పల్లపు వీధి పిల్లవాడు అడిగినందుకు, వాన నీరు పారే దారిలోని గళ్లను ఈసారి ముందే నీలం పెన్సిలుతో గుర్తు పెట్టాము.